ఎవరి నంబర్ వాళ్లదే

నేను తొమ్మిదో తరగతి పూర్తి చేసిన ఎండాకాలంలో, బాన్సువాడలో ఆడపిల్లలకు పదిహేను రోజులు కంప్యూటర్ నేర్పుతారని మా బడికి ఒక కాగితం వచ్చింది. పొద్దున తొమ్మిదికి వెళ్లి సాయంత్రం నాలుగింటికి ఇంటికి రావచ్చు. మధ్యాహ్నం అన్నం అక్కడే. సార్ ఆ కాగితం చదవడం పూర్తి చెయ్యకముందే నేను చెయ్యెత్తాను. నాకు దేనికీ ఓపిక లేదు. ముక్కు మీద కోపం, కాలు నిలవని తొందర అని మా అమ్మ నా గురించి చుట్టాలందరికీ చెప్పి పెట్టింది. అందులో అబద్ధమేమీ లేదు.

మా ఊరు నిజాంసాగర్ కాలువ కింద ఉంటుంది. బాన్సువాడకు షేర్ ఆటోలో అరగంట. మొదటి రోజు ఆ అరగంట ఎంతకీ గడవలేదు. రోడ్డు పక్కన మనిషి కనపడితే చాలు, డ్రైవరన్న ఆటో ఆపుతున్నాడు.

“జర జల్ది పోనీ అన్నా, నాకు క్లాసుంది” అన్నాను.

“ఎండకాలం క్లాసేంది? ఫెయిలయినవా?” అన్నాడు.

ఆటోలో అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. నేను కంప్యూటర్ నేర్చుకోవడానికి పోతున్నానని, కంప్యూటర్‌కు మనం చెప్పింది అర్థమయ్యే భాష ఒకటి ఉంటుందని, అది వస్తే ఏదైనా చేయించొచ్చని దిగేదాకా వాళ్లకు చెబుతూనే ఉన్నాను. నేను చెప్పినదాంట్లో సగం నాకే తెలియదు.

ఆ గదిలో పన్నెండు కంప్యూటర్లున్నాయి. రెండు పని చెయ్యవు. మేం ముప్పై రెండు మందిమి. ఒక్కో దాని ముందు ఇద్దరిద్దరు కూర్చుంటే, మిగిలినవాళ్లు కింద చాప మీద కూర్చుని నోట్‌బుక్కులో రాసుకోవాలి. గంట తర్వాత మారాలి. నేర్పడానికి వచ్చిన అక్కది కోటగిరి. హైదరాబాదులో ఇంజనీరింగ్ ఆఖరి ఏడు చదువుతూ, సెలవులకు ఇంటికి వచ్చి మాకు దొరికింది. మనిషి బక్కగా ఉండేది గానీ గొంతు మాత్రం వెనక గోడ దాకా వినిపించేది.

మొదటి రోజు తలుపు తియ్యగానే తోపులాట జరిగింది. ఒకమ్మాయి మోచెయ్యి గీసుకుపోయింది. రెండో రోజు ఎవరో తన చెప్పులు గుమ్మం ముందు విడిచి, వరండాలో నీడకు పోయి కూర్చుంది. దుమ్ము పడుతుందని లోపలికి ఎలాగూ చెప్పులు రానివ్వరు. ఆమె చెప్పుల వెనక ఇంకో జత, దాని వెనక మరో జత వచ్చి చేరాయి. యూరియా వచ్చినప్పుడు మా ఊళ్లో రైతులు చేసేది అదే. చెప్పులు వరుసలో పెట్టి, వాళ్లు పోయి చెట్టు కింద బీడీ కాల్చుకుంటారు. చెప్పులుంటే మనిషి ఉన్నట్టే లెక్క. మాకు ఇది ఎవరూ నేర్పాల్సిన పని లేకపోయింది.

ఆ వరుసకు పెత్తనం నాది. ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. తలుపు తీసి పిలిచినప్పుడు చెప్పుల దగ్గర మనిషి లేకపోతే ఆ జత చివరికి పోవాలని రూలు కూడా పెట్టాను. మూడో రోజు అక్క పిలిచినప్పుడు మొదటి జత దగ్గర ఎవరూ లేరు. నేను ఆ జతను కాలితో నెట్టుకుంటూ తీసుకుపోయి చివర పెట్టాను. అంతలో నల్లా దగ్గర నుంచి ఒకమ్మాయి తడి ముఖంతో పరుగెత్తుకొచ్చింది. ఆమెది పెద్ద కొడప్‌గల్. తర్వాతి బస్సుకైతే ఆలస్యమవుతుందని తెల్లవారుజామునే లేచి బయలుదేరి, అందరికంటే ముందొచ్చి కూర్చునేది.

“నేను ఏడు గంటలకొచ్చి పెట్టిన. ముఖం కడుక్కొనొచ్చేసరికి చివరికి నూకుతవా? నా నంబర్ ఏడికి పోతది?” అంది.

“పిల్చినప్పుడు లేకుంటె చివరికే. రూలంటె రూలే” అన్నాను.

ఆమె మరాఠీలో ఏదో అంది. వాళ్ల అమ్మమ్మ వాళ్లది మహారాష్ట్ర వైపు ఊరట. నాకు మాట అర్థం కాలేదు గానీ, అది మెచ్చుకోలు కాదని ముఖం చూస్తే తెలిసింది. లోపలి నుంచి అంతా విన్న అక్క బయటికొచ్చి, మా ఇద్దరినీ ఒకే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. క్యాంపు అయిపోయేదాకా అదే జత అని చెప్పింది. ఆ రోజంతా మేం మాట్లాడుకోలేదు. కీబోర్డు మాత్రం చెరో వైపుకు లాక్కున్నాం.

మాట కలిసింది నాలుగో రోజున. బడిలో అల్లరి చేస్తే మాకు ఇంపోజిషన్ ఇస్తారు. ‘నేను ఇక మీదట క్లాసులో మాట్లాడను’ అని వందసార్లు రాయాలి. నేను ఆ వాక్యం ఎన్ని వందలసార్లు రాశానో లెక్కే లేదు. ఆ రోజు అక్క బోర్డు మీద రెండంటే రెండు లైన్లు రాసి, అవే కంప్యూటర్లో కొట్టి చూడమంది. కొట్టాం. బటన్ నొక్కాం. తెర మీద ఆ వాక్యం పై నుంచి కిందికి జలజలా పడిపోయింది. వందసార్లు. రెప్ప కొట్టేలోపల.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆమె వంద తీసేసి వెయ్యి అని కొట్టింది. నేను వెయ్యి పక్కన ఇంకో సున్నా పెట్టాను. గదిలో పది కంప్యూటర్లలోనూ అదే ఆట నడుస్తోంది, ఎవరి నవ్వు వాళ్లు ఆపుకోలేకపోతున్నారు. చెయ్యి నొప్పి పుట్టేలా రాసిన నా చిన్నతనమంతా రెండు లైన్లలో తీరిపోయినట్టనిపించింది. ఇంటికి పోయి అమ్మకు చెబితే, “గట్లయితె ఇగ నువ్వు ఎంత ఒర్లినా సార్లకు శిక్షలేయరాదన్నట్టు” అంది.

పదో రోజున అక్క చెప్పింది: ఆఖరి రోజు అమ్మానాన్నలను పిలుస్తాం, ఒక్కో జత తమ ఊరికి పనికొచ్చే ప్రోగ్రాం ఒకటి చేసి చూపించాలి. ఒక జత పాలలో వెన్న శాతం లెక్క తీసుకుంది. ఇంకో జత బస్సుల వేళలు తీసుకుంది. నాకు ఆలోచించాల్సిన పని కూడా పడలేదు. మా ఊళ్లో అప్పుడు వడ్ల కొనుగోలు కేంద్రం నడుస్తోంది. నడిపేది మహిళా సంఘం వాళ్లు. అందులో సీరియల్ బుక్కు రాసేది మా అమ్మ.

ఆ కేంద్రం సంగతి కొంచెం చెప్పాలి. కోత అయ్యాక రైతులు వడ్లు తెచ్చి అక్కడ కుప్ప పోస్తారు. వచ్చిన వరుసలో అమ్మ నంబర్ రాస్తుంది. తేమ మిషన్‌తో చూసి, పదిహేడు శాతం లోపుంటేనే కాంటా పెట్టి తూస్తారు. ఎక్కువుంటే మళ్లీ ఆరబెట్టుకోవాలి. రోజుకొక లారీ వస్తే గొప్ప. లారీకి నాలుగైదు కుప్పలు ఎత్తుతారు. మిగిలినవాళ్లు ఆకాశం చూస్తూ వడ్ల పక్కనే పడుకోవాలి. వాన పడితే పండించినదంతా కళ్ల ముందే మొలకెత్తుతుంది. అందుకే అక్కడ నంబర్ అంటే మాటలు కాదు. అమ్మ ఏడో తరగతి దాకా చదివింది. మూడేళ్లుగా ఆమె బుక్కులో తప్పుందని వేలు పెట్టినవాళ్లు లేరు. ఊళ్లో ఆమెకున్న పేరంతా ఆ బుక్కే.

మా ప్రోగ్రాం సులువైనదే. పేరు, వచ్చిన రోజు, తేమ కొడితే ఎవరి తర్వాత ఎవరి కాంటా అన్నది లిస్టు వస్తుంది. తేమ ఎక్కువున్నవాళ్లను ఏం చెయ్యాలన్న దగ్గర నేను ఒక్క క్షణం కూడా ఆగలేదు. వాళ్ల పేరు అక్కడి నుంచి తీసి చివర పెట్టమని రాసేశాను.

“తడిసినోళ్లని ఆఖరికేస్తె ఎట్ల? మల్ల ఆరబెట్టుకుంటరు గదా” అంది కొడప్‌గల్ అమ్మాయి.

“పిల్చినప్పుడు తయారుగ లేకుంటె చివరికే. ఎక్కడైనా గంతే” అన్నాను.

ఆమె గుమ్మం ముందున్న చెప్పుల వైపు, తర్వాత నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపేమిటో అప్పుడే అర్థం చేసుకుని ఉంటే బాగుండేది. కానీ నాకు తీరికెక్కడిది? ఎర్ర అక్షరాల్లో తప్పులు వస్తున్నాయి, ఒకటి దిద్దితే ఇంకోటి లేస్తోంది, దాన్నీ దిద్దుతున్నాం. అన్నం బెల్లు కొట్టినా లేవలేదు. చివరికి ఒక మధ్యాహ్నం ఎర్ర గీత ఒక్కటీ లేకుండా లిస్టు చక్కగా తెర మీదికొచ్చేసరికి మేమిద్దరం లేచి ఎగిరాం. చెయ్యి ఆమె భుజం మీద వేశానని తర్వాత గానీ గుర్తు రాలేదు.

ఆఖరి రోజుకు ముందు రోజు అమ్మ బుక్కులోని పేజీ ఫొటో తీసుకుపోయి, నిజం పేర్లు, నిజం తేమలు, ఆరినవాటికి తేమ మిషన్ పట్టే సంఘం ఆమె పక్కన ఎర్ర పెన్నుతో రాసిన రెండో తేమలు కూడా కొట్టాం. లిస్టు ప్రింట్ తీసి సాయంత్రం అమ్మకు ఇచ్చాను. ఆమె చేతులు కడుక్కుని వచ్చి మరీ అందుకుంది.

“అచ్చు పుస్తకంల ఉన్నట్టే ఉన్నది. రేపు కాంటాకు ఇదే అంటిస్త” అంది. తర్వాత కొంచెం ఆగి, “మన కుప్ప ఏడోది గదా, మూడోదొచ్చిందేంది? ముందటోళ్లయి ఇంక ఆరలేదు గావచ్చు” అంది. కంప్యూటర్ తప్పు చెబుతుందని ఆమెకు తోచలేదు. కూతురు చేసింది తప్పని అసలే తోచలేదు. నాన్న పది రోజుల నుంచి కుప్ప దగ్గరే ఉంటున్నాడు. అన్నానికి ఇంటికొచ్చినవాడు ఈ మాట విని, తింటున్న అన్నం సగంలో వదిలి సంచులు చూసుకోవడానికి పోయాడు.

మర్నాడు మధ్యాహ్నం గది నిండింది. అమ్మ పొద్దున్నే కేంద్రం గోడకు లిస్టు అంటించి, కాంటా సంగతి సంఘంలోని తోటి ఆమెకు అప్పగించి, సంఘం చీర కట్టుకుని వచ్చింది. ముందు వరుసలో కూర్చుంది. మా వంతు వచ్చింది. ప్రొజెక్టర్ వెలుగులో మా ప్రోగ్రాం గోడంత పెద్దగా పడింది. కేంద్రం ఎలా నడుస్తుందో కొడప్‌గల్ అమ్మాయి చెప్పింది. నేను బటన్ నొక్కగానే లిస్టు వచ్చింది. చప్పట్లు మోగాయి. అమ్మ చప్పట్లు కొట్టకుండా పక్కనున్నావిడకు నన్ను చూపిస్తోంది. అంత సంతోషం నేను అప్పటిదాకా ఎరగను.

అప్పుడే గుమ్మంలో మా ఊరి అవ్వ ఒకామె కనిపించింది. మాకు చుట్టం కాదు. ఎకరం కౌలుకు చేసుకుని ఒక్కతే బతుకుతుంది. చేతిలో కేంద్రం గోడ నుంచి చింపుకొచ్చిన లిస్టు ఉంది.

“కంప్యూటర్ ఎవలు? నాకు దానితోనే మాట్లాడేదుంది” అంది.

నవ్వు రావాల్సిన మాటే గానీ ఎవరూ నవ్వలేదు. ఆమె ఆ కాగితాన్ని అందరి ముఖాలకూ తిప్పి చూపించింది.

“నా నంబర్ రెండు. నాకు సదువు రాదు, గని నా నంబర్ నాకెరుకే. వాన సినుకులు పడితె తేమ వచ్చింది. మూడు దినాలు రోడ్డు మీద నెరిపి ఆరబోసిన. మొన్న మిషన్ పెడితె పాసయింది. గీ కాయిదంల నన్ను ఆఖరికేసిండ్రట. ఎందుకేసిండ్రు?”

నాకు తెలిసిన జవాబు నోటికొచ్చేసింది. “తేమ ఎక్కువొస్తే చివరికి పోవాలె అవ్వా. అది రూలు.”

“ఏ ఊరి రూలే అది?” అంది అవ్వ. “ఆరేదాక పక్కకు జరుగుతం. ఆరినంక ఎవరి నంబర్ వాళ్లదే. మీ అమ్మనడుగు.”

అమ్మ అప్పటికే లేచి నిలబడింది. అవ్వ చేతిలోని కాగితం తీసుకుని, మొదటిసారి పై నుంచి కింది దాకా చదివింది. తడిసి ఆరబెట్టుకున్నవాళ్లు నలుగురు. అవ్వతో సహా నలుగురూ అట్టడుగున ఉన్నారు. ఆ నలుగురూ దిగిపోతేనే ఏడోదైన మా కుప్ప మూడో నంబర్‌కు ఎక్కింది.

“ఊళ్లె ఏమంటుండ్రో తెలుసా బిడ్డా” అంది అవ్వ అమ్మతో, గొంతు తగ్గించి. “బుక్కు రాసే ఆమె, బిడ్డతోని కంప్యూటర్ల కొట్టిచ్చి తన కుప్ప ముందటికి తెచ్చుకున్నది అంటుండ్రు.”

అమ్మ ముఖంలో రక్తం లేదు. మూడేళ్లు ఎవరూ వేలు పెట్టని బుక్కు అది. నేను పప్పులో కాలేశాను సరే, ఆ మరక పడింది మాత్రం ఆమె మీద. చెప్పుల కోసం నేను పెట్టిన రూలును తీసుకుపోయి, మనుషులు వానకు భయపడుతూ కూర్చున్న చోట పెట్టాను. అమ్మను ఒక్క మాట అడగలేదు. అడిగితే అరనిమిషంలో చెప్పేది.

అక్క దగ్గరికొచ్చి, “నేను సరి చేయనా?” అని మెల్లగా అడిగింది.

“వద్దక్కా. నేనే చేస్త” అన్నాను.

కూర్చున్నాను. గోడ మీద లిస్టు పోయి ప్రోగ్రాం పడింది. ముప్పై కుటుంబాలు నా తప్పు చూస్తున్నాయి. ఏ లైనో తెలుసు, అక్కడికి పోయాను, దాని బదులు ఏం రాయాలో మాత్రం తోచలేదు. కొడప్‌గల్ అమ్మాయి కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

“పేరు తియ్యకు. ఆడనే ఉంచు” అంది. “ఆరిందా లేదా అని అడుగు. ఆరకుంటె దాటి పో. ఆరితె దాని నంబర్ దానికియ్యి.”

“ఆ రోజు నీ చెప్పులు నూకుడు తప్పే” అన్నాను, తెర మీది నుంచి కళ్లు తిప్పకుండా.

“ఎరుకే. ముందు ఇది కొట్టు” అంది.

కొట్టాను. నడిపితే ఎర్ర అక్షరాలొచ్చాయి. వెనక ఎవరో గొణిగారు. ఆమె ఒక చోట వేలు పెట్టింది, అక్కడ దిద్దాను. ఎర్ర అక్షరాలు పోయాయి గానీ అవ్వ పేరు ఇంకా పైకి రాలేదు. ఈసారి నాకే కనిపించింది. మొదటి తేమను చూస్తోంది గానీ, పక్కన ఎర్ర పెన్నుతో రాసిన రెండో తేమను చూడటం లేదు. అది మార్చేటప్పుడు చెప్పలేని హుషారు పుట్టుకొచ్చింది. అంత సిగ్గులో కూడా వేళ్లు పరుగెత్తాయి. దారి కనిపిస్తోంది, ఇంకొక్క లైను, ఇంకొక్కటి, అంతే. బటన్ నొక్కాను.

లిస్టు వచ్చింది. రెండో పేరు అవ్వది. నేను లేచి ఆమె పేరు వేలితో చూపించాను. ఆమె గోడ దగ్గరికి పోయి ఆ అక్షరాలను తడిమి చూసింది.

“గిదేనా నేను?” అంది.

“గిదే నువ్వు అవ్వా.”

గదిలో చప్పట్లు మళ్లీ మొదలయ్యాయి. ఇవి ముందటి వాటికంటే గట్టిగా ఉన్నాయి, బల్లలు కూడా చరుస్తున్నారు. కొడప్‌గల్ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఎగురుతోంది. నేనూ ఎగిరేదాన్నే. కానీ అమ్మ ఫోన్ తీసి కేంద్రంలో ఉన్న తోటి ఆమెకు కలిపింది. ఆ గోలలో వినపడక స్పీకర్ పెట్టింది. అందరూ చప్పట్లు ఆపారు.

“పొద్దున అంటించింది తప్పు లిస్టు. కాంటా ఇంక మొదలువెట్టలేదు గదా? కొత్తది చెప్తున్న, రాసుకో” అంది. గోడ చూస్తూ ఒక్కో పేరూ ఆగి ఆగి చదివింది. ఆరు పేర్లయ్యాక నాన్న పేరు చదివింది. గొంతు ఏమీ మారలేదు. ఆ రోజు లారీ అయిదో కుప్పతో నిండిపోతుందని ఆమెకు తెలుసు. మూడు గంటలకే కిటికీ బయట పడమటి వైపు నల్లబడింది. అది కూడా ఆమె చూసింది.

అవతల నాన్న ఫోన్ అందుకున్నాడు. “ఏడోదేంది? మూడోదన్నరు గదా. నేను సంచులు నింపుకున్న. మబ్బు ఎట్లున్నదో చూసినవా?”

“చూసిన. మల్ల కుప్ప పోసి పరదా కప్పు.”

“గిది చెప్పేది నువ్వా, కంప్యూటరా?” అన్నాడు.

అమ్మ ఫోన్ నా ముందు పెట్టింది.

“నేను చెప్తున్న నాయినా” అన్నాను. “నేనే తప్పు రాసిన. ఆ నలుగురియి ముందు. మనది ఏడోదే.”

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను కూడా. ఆయన ఫోన్ పెట్టెయ్యలేదు. దాన్ని ఎక్కడో పక్కన పెట్టిన చప్పుడైంది. ఆ తర్వాత సంచి బోర్లించిన చప్పుడు, వడ్లు జారి కుప్ప మీద పడిన చప్పుడు. కాసేపటికి ఇంకోటి. నేను లెక్కపెట్టాను, పదకొండు సంచులు. ఆఖరిది ఖాళీ అయ్యేదాకా అమ్మా నేనూ ఫోన్ పట్టుకునే నిలబడ్డాం.